పిక్కలో ఉన్న రెండో గుండె

(సంఘం నెలవారీ సభలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో కూలి రేటు గురించి మాట్లాడుకుంటాం. బోనసు గురించి, కరువు భత్యం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కాలి కండరం ఒకదాని గురించి మాట్లాడతామని మేము చెబితే కొందరు మిత్రులు నవ్వారు. "ఇది సంఘం సభా, డాక్టర్ల సభా?" అన్నారు. అలా నవ్విన మిత్రులే షిఫ్టు దిగాక షెడ్డు బయట అరుగు మీద చతికిలబడి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, రెండు చేతులతో పిక్కలు పిసుక్కుంటూ ఉంటారు. "కాళ్లు గుంజుతున్నయి" అనే మాట వినపడని రోజు మన పేటల్లో ఉందా? రాత్రి పడుకోబోయే ముందు పిల్లల చేత కాళ్లు తొక్కించుకోని మగ్గం పనివాళ్లు ఎంతమంది?

షోలాపూర్ కానివ్వండి, భివండీ కానివ్వండి, మగ్గాల మధ్య నిలబడి బతికేవాళ్లం మనం. కూలిని మీటర్ల లెక్కన కొలుస్తారు. ఆ మీటర్ల కింద నలిగిపోయే కాళ్ల లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ లెక్క మనమే తీయాలి. తీయాలంటే ముందు ఆ కాలు ఎలా పనిచేస్తుందో తెలియాలి. అందుకే ఈ ప్రసంగం.

ఆ కండరం ఎక్కడ ఉంది?

కూర్చున్నచోటే ప్యాంటు, పంచె, చీర కొంచెం పైకి జరిపి పిక్క మీద చేయి వేయండి. పైన గుండ్రంగా, రెండు ముద్దలుగా చేతికి తగిలే కండరాన్ని గ్యాస్ట్రాక్నీమియస్ అంటారు. పరుగెత్తేవాడికి, దూకేవాడికి ఉబ్బి కనిపించేది అదే. దాని కింద, ఎముకలకు ఆనుకుని మరో కండరం దాగి ఉంది. దాని పేరు సోలియస్. లాటిన్ భాషలో సోలియా అంటే చెప్పు. చెప్పు అట్టలా బల్లపరుపుగా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది.

మోకాలి కింద కాలికి రెండు ఎముకలు ఉన్నాయి. ముందు వైపు లావుగా ఉండేది ఒకటి, బయటి వైపు సన్నగా ఉండేది ఒకటి. సోలియస్ ఈ రెండు ఎముకల వెనక వైపు, మోకాలికి కాస్త దిగువన పుడుతుంది. కిందికి వచ్చేసరికి పై కండరంతో కలిసి ఒకే తాడుగా మారుతుంది. మడమ వెనక రెండు వేళ్లతో పట్టుకుంటే బిగించిన మోకులా తగిలేది ఆ తాడే. మన శరీరంలో అన్నిటికంటే లావైన, బలమైన స్నాయువు అది. అది మడమ ఎముకకు అతుక్కుంటుంది. కండరం ముడుచుకుంటే తాడు పైకి లాగుతుంది, మడమ లేస్తుంది, మునివేళ్లు నేలను నొక్కుతాయి.

రెండు కండరాలకూ ఒక పెద్ద తేడా ఉంది. పై కండరం మోకాలిని దాటి తొడ ఎముక దాకా పోతుంది. సోలియస్ మోకాలిని దాటదు. అందుకే మోకాలు వంచితే పై కండరం వదులైపోతుంది, సోలియస్ మాత్రం పనిలోనే ఉంటుంది. కావాలంటే ఇప్పుడే చూడండి. పాదాలు నేలకు ఆనించి, మోకాళ్లు వంచి కూర్చున్నవాళ్లు మునివేళ్లు నేల మీదే ఉంచి మడమలు పైకెత్తండి. పిక్క ముద్దలు దిగిన చోట, ఆ తాడుకు అటూ ఇటూ వేళ్లు పెట్టండి. గట్టిపడింది చూశారా? అదే సోలియస్.

నిలబడటం కూడా పనే

"ఊరికే నిలబడే పనే కదా" అని మనల్ని అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట ఎంత తప్పో ఈ కండరమే చెబుతుంది. మనిషి నిలబడినప్పుడు ఒంటి బరువు సరిగ్గా చీలమండ మీద పడదు, కొంచెం ముందుకు పడుతుంది. వెనక నుంచి ఎవరో ఒకరు పట్టి ఉంచకపోతే ముందుకు తూలి పడతాం. ఆ పట్టి ఉంచే పని ముఖ్యంగా సోలియస్‌ది. మనం కదలకుండా నిలబడ్డామనుకుంటాం కానీ ఒళ్లు ఎప్పుడూ రవ్వంత ఊగుతూనే ఉంటుంది. ఊగినప్పుడల్లా ఈ కండరం బిగిసి, సడలి, మళ్లీ బిగుస్తుంది.

ఇంత సేపు పని చేయడానికి తగ్గట్టే దాని నిర్మాణం ఉంది. కండరాల్లో రెండు రకాల పోగులు ఉంటాయి. ఒక రకం వేగంగా గుంజి త్వరగా అలిసిపోతుంది. రెండో రకం నెమ్మదిగా గుంజి చాలాసేపు ఓర్చుకుంటుంది. సోలియస్‌లో నూటికి దాదాపు 80 వంతులు ఈ రెండో రకం పోగులే. మన భాషలో చెప్పాలంటే అది పరుగు పందెం కండరం కాదు, షిఫ్టు కండరం. అయితే ఓర్పు ఉన్నంత మాత్రాన దానికి విశ్రాంతి అక్కర్లేదని కాదు. ఓర్చుకునేవాడి మీదే ఎక్కువ బరువు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే, మన ఒంట్లో కూడా అదే జరుగుతోంది.

రక్తం పైకి ఎలా ఎక్కుతుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. గుండె కొట్టిన రక్తం పాదాలకు దిగడం తేలిక. అక్కడి నుంచి గుండెకు తిరిగి ఎక్కడమే కష్టం. చీలమండ నుంచి గుండె దాకా సుమారు నాలుగడుగుల ఎత్తు. కదలకుండా నిలబడినప్పుడు ఆ నాలుగడుగుల రక్తం బరువంతా చీలమండ దగ్గరి సిరల మీద పడుతుంది. బీపీ కొలిచే పాదరసం లెక్కలో ఆ ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్లు.

ఆ రక్తాన్ని పైకి తోసేది పిక్క. సోలియస్ లోపల సంచుల్లాంటి వెడల్పైన సిరలు ఉన్నాయి. కండరం సడలినప్పుడు వాటిలో రక్తం నిండుతుంది. కండరం బిగిసినప్పుడు తడిబట్ట పిండినట్టు వాటిని పిండి, రక్తాన్ని పైకి తోస్తుంది. అందుకే దీన్ని రెండో గుండె అంటారు. నాలుగు అడుగులు వేయగానే చీలమండ దగ్గర ఒత్తిడి 90 నుంచి 30కి, ఇంకా కిందికి కూడా దిగుతుంది. మళ్లీ కదలకుండా నిలబడితే ఒకటి రెండు నిమిషాల్లోనే మొదటి చోటికి వస్తుంది.

తోసిన రక్తం వెనక్కి జారకుండా కాలి సిరల్లో అక్కడక్కడా కవాటాలు ఉన్నాయి. బావి మోటారుకు ఫుట్‌వాల్వు ఎలాగో ఇవి అలాగ. వీటి గురించి ఇటలీలో ఫాబ్రీషియస్ అనే వైద్యుడు 1603లో రాశాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే రక్తం ఒంట్లో తిరుగుతూ ఉంటుందని 1628లో నిరూపించాడు. ఆయన చేసి చూపిన పరీక్ష మీరూ చేయవచ్చు. చేయి కిందికి వేలాడదీయండి. ముంజేతి మీద తేలిన ఒక సిరను ఒక వేలితో అదిమి పట్టి, రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోసేయండి. ఆ ముక్క ఖాళీ అవుతుంది. పైన కవాటం ఉంటే రక్తం వెనక్కి దిగదు. అదిమిన వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండా, ఒక చేయి, రెండు వేళ్లతో తేల్చిన సత్యం అది.

తాతల మగ్గం, మన మగ్గం

మన తాతలు కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఇటు వచ్చినప్పుడు చేతిలో ఉన్న విద్య చేనేత. గుంట మగ్గంలో కూర్చుని నేసేవారు. చేతులు నాడెను ఆడిస్తుంటే, కాళ్లు గుంటలో చెక్కలు తొక్కుతుండేవి. ఒక పేక పోయినప్పుడల్లా ఒక తొక్కు. తొక్కిన ప్రతిసారీ పిక్క బిగిసి సడలేది. అంటే కూర్చున్నా సరే, ఆ రెండో గుండె కొట్టుకుంటూనే ఉండేది. ఆ పని సుఖమైనదని మేము అనడం లేదు. నడుములు వంగిపోయాయి, కళ్లు పోయాయి, ఆకలి కూడా ఉండేది. కానీ కాలి విషయంలో ఒక్క మేలు ఉంది. కూర్చోవడమూ ఉండేది, కదలడమూ ఉండేది.

పవర్‌లూము వచ్చింది. తొక్కే పని మోటారు తీసుకుంది. కాళ్లకు కదిలే పని పోయింది, కూర్చునే వీలూ పోయింది. మిగిలింది నిలబడటం. కండె అయిపోతుందేమో, పడుగు తెగుతుందేమో అని చూస్తూ, మగ్గాల మధ్య ఇరుకు సందులో, సిమెంటు నేల మీద 12 గంటలు. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు, మళ్లీ నిలబడటం. దాన్ని నడక అనలేం.

మన ఇళ్లలో ఆడవాళ్ల సంగతి దీనికి తలకిందులు. చాట ఒళ్లో పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని, వెయ్యి బీడీలు అయ్యేదాకా అక్కలు, వదినలు లేవరు. మనకేమో పిక్క సడలదు, వాళ్లకేమో పిక్క బిగవదు. ఇద్దరి ఇంట్లోనూ పంపు సరిగ్గా నడవదు.

పంపు నడవకపోతే

ఏళ్ల తరబడి ఒత్తిడి అలాగే నిలిచి ఉంటే సిరలు సాగుతాయి. సాగిన సిరలో కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు. తోసిన రక్తం వెనక్కి జారుతుంది. ఆ బరువుకు కింది కవాటం కూడా చెడుతుంది. చర్మం కింద నీలంగా, మెలికలు తిరిగి తేలే నరాలు అలా వచ్చినవే. తర్వాత సాయంత్రానికి పాదాలు వాస్తాయి, చెప్పు బిగుతవుతుంది. ఆ తర్వాత చీలమండ లోపలి వైపు చర్మం దురద పెట్టి నల్లబడుతుంది, గట్టిపడుతుంది. చివరికి అక్కడ చిన్న దెబ్బ తగిలినా పుండు పడి మానదు. అందరికీ ఇంత దూరం పోదు. కుటుంబంలో ఉన్నవారికి, ఎక్కువ కాన్పులు అయినవారికి, ఒళ్లు బరువైనవారికి ప్రమాదం ఎక్కువ. కానీ నిలబడే పని కూడా ఒక కారణమని లెక్కలున్నాయి. డెన్మార్క్‌లో పని చేసే జనాన్ని 12 ఏళ్ల పాటు గమనించి 2005లో ఫలితం ప్రచురించారు. పని సమయంలో నూటికి 75 వంతులకు పైగా నిలబడో నడిచో ఉండేవారు ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం మిగతావారి కంటే ఒకటిన్నర రెట్లు దాటింది. ఆడవారిలోనూ అంతే, మగవారిలోనూ అంతే.

మన సభ్యుడు ఒకరి సంగతి ఆయన అనుమతితోనే చెబుతున్నాం. పేరు చెప్పడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా మగ్గాల మీద ఉన్న పెద్దాయన. ఎడమ చీలమండ పైన రూపాయి బిళ్లంత పుండు పడింది. ఒక చోట షుగరు పుండు అన్నారు, పరీక్షలో షుగరు లేదు. ఒక చోట మలాము ఇచ్చారు. నెలలు గడిచాయి, పుండు అరచేతి వెడల్పు అయింది. చివరికి ఒక డాక్టరు ఆయన్ని నిలబెట్టి కాలు చూశాడు. అప్పటిదాకా చూసిన వాళ్లంతా పడుకోబెట్టి చూసినవాళ్లే. పడుకుంటే తేలిన నరాలు అణిగిపోతాయి కనుక ఎవరికీ కనపడలేదు. పాదం నుంచి మోకాలి దాకా కట్టు కట్టి, కాలు ఎత్తి పెట్టుకోమన్నాడు. పుండు మానింది. ఆయన తిరిగి పనికి వెళ్లాడు. అదే మగ్గం, అదే సిమెంటు నేల, అదే 12 గంటలు. కూర్చోవడానికి ఒక స్టూలు అడిగితే "కూర్చుంటే నిద్ర పోతావు" అన్నారు. ఏడాది తిరక్కుండా పుండు అదే చోట మళ్లీ పడింది.

మిత్రులారా, వైద్యం ఆయన కాలిని మాన్పింది. పని దాన్ని మళ్లీ చీల్చింది. ఈ రెండు వాక్యాలూ గుర్తుంచుకోండి.

ఏ నొప్పి ఎలాంటిది?

పిక్క నొప్పులన్నీ ఒకటి కావు. నిలబడితే పెరిగి, కాళ్లు ఎత్తి పడుకుంటే తగ్గే బరువు, గుంజుడు సిరలది. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గి, మళ్లీ నడిస్తే వచ్చే నొప్పి వేరు. అది కాలికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోతున్నదనడానికి గుర్తు. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అలాంటివాళ్లు సొంతంగా కాలికి బిగుతు కట్టు కట్టకూడదు. అసలే తక్కువ వస్తున్న రక్తం ఇంకా తగ్గుతుంది. ముందు డాక్టరు పాదంలో నాడి చూడాలి.

ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి, పిక్క నొక్కితే నొప్పి పుడితే, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ గడ్డలు చాలాసార్లు ఈ సోలియస్ సిరల్లోనే మొదలవుతాయి. అప్పుడు కాలు పిసకకండి, తొక్కించుకోకండి, నూనె రుద్దకండి. అదే రోజు ఆసుపత్రికి పోండి. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా ఉంటే ఒక్క నిమిషం ఆగకండి.

తేలిన నరం తెగి రక్తం కారితే భయపడి నిలబడకండి. పడుకోండి, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టండి, శుభ్రమైన బట్టతో నేరుగా నొక్కి పట్టండి. ఆ తర్వాత ఆసుపత్రి.

మనం చేసుకోగలిగింది

మగ్గం దగ్గర నిలబడే ఉన్నా మడమలు పైకెత్తి దింపవచ్చు. పదిసార్లు, ఇరవైసార్లు, గుర్తొచ్చినప్పుడల్లా. కండె మార్చేటప్పుడు ఒకసారి అని అలవాటు పెట్టుకుంటే మరచిపోరు. భోజనం వేళ పది నిమిషాలు కాళ్లు గోడకు ఎత్తి పడుకోండి. డాక్టరు చెబితే బిగుతు మేజోళ్లు పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి, వాపు వచ్చాక కాదు. పిక్క సాగదీయడానికి గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక పెట్టి, మడమ నేల మీదే ఉంచి ముందుకు వంగండి. వెనక కాలి మోకాలు చాచి ఉంచితే పై కండరం సాగుతుంది, కొంచెం వంచితే సోలియస్ సాగుతుంది. రెండూ చేయండి.

బీడీలు చుట్టే అక్కలు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఎత్తు పీట మీద కూర్చుని పని చేసే వీలుంటే, ఇందాక మనం చేసినట్టు మడమలు ఎత్తి దింపుతూ ఉండవచ్చు. అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వారు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. కూర్చుని సోలియస్‌ను ఇలా గంటల తరబడి కదిలిస్తే, తీపి పానీయం తాగిన తర్వాత రక్తంలో చక్కెర పెరగడం బాగా తగ్గిందట. పరీక్షించింది కొద్ది మందినే కనుక షుగరు మందు మానేయమని ఎవరూ అనుకోవద్దు. కానీ ఒంటి బరువులో నూటికి ఒక వంతు మాత్రమే ఉన్న ఈ కండరం ఎంత పని చేయగలదో దీన్ని బట్టి తెలుస్తుంది.

మనం అడగవలసింది

ఇంతవరకు చెప్పింది మన చేతిలో ఉన్నది. మడమలు ఎత్తడం నేర్పి "ఇక మీ కాళ్లు మీరే చూసుకోండి" అని సంఘం చేతులు దులుపుకోదు. 12 గంటల నిలుపుకు 20 మడమ లేపులు సమాధానం కాదు.

నిలబడి పని చేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని, పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా దాన్ని వాడుకోనివ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ కూడా ఆ ఏర్పాటు ఉండాలనే అంటోంది. మిగతా విషయాల్లో ఆ కోడ్‌తో మనకు ఎన్ని తగాదాలున్నా, ఈ మాట మనకు పనికొచ్చే మాట. అయితే పదిమంది లోపు ఉన్న షెడ్డు దాకా ఇది రాదు. ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద విడగొట్టి చూపడం ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మనం నేసిన గుడ్డ అమ్మే దుకాణాల్లో నిలబడే అక్కచెల్లెళ్లను చూడండి. కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. ఆదివారం సెలవు కూడా మిల్లు కార్మికులకు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో అడిగి అడిగి 1890లో సాధించుకున్నదే.

కనుక మన కోర్కెలు ఇవి. ప్రతి మగ్గాల వరుస చివర, మగ్గం కనపడేటంత ఎత్తున్న స్టూలు. నిలబడే చోట రబ్బరు పట్టా, లేదా కనీసం చెక్క పలక. అయిదు గంటలు దాటకుండా అర గంట విరామం, ఆ అర గంటలో మగ్గం చూసే బదిలీ మనిషి. ఏడాదికోసారి కాళ్ల పరీక్ష, అది కూడా నిలబెట్టి. ఈఎస్ఐ ఉన్నవారికి జబ్బు సెలవులో కూలిలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఆ కాగితాలు నింపడానికి మా కమిటీ తోడుంటుంది. ఈఎస్ఐ లేనివారు తమ షెడ్డులో ఎంతమంది ఉన్నారో మాకు చెప్పండి.

స్టూలుకు అడ్డుపడేది యజమాని ఒక్కడే కాదు, మీటరు లెక్క కూలి కూడా. కూర్చున్న నిమిషంలో పోగు తెగితే మన కూలే తెగుతుందన్న భయం మనలోనే ఉంది. ఆ భయాన్ని దాచుకోనక్కర్లేదు. అందుకే స్టూలు కోరికను 8 గంటల షిఫ్టు కోరిక నుంచి, దానికి తగ్గ రేటు కోరిక నుంచి విడదీయలేం.

పారిపోయేవాడిని "పిక్కబలం చూపించాడు" అంటారు. మన పిక్కబలం పారిపోవడానికి కాదు, ఇన్నాళ్లూ నిలబడటానికి వాడాం. ఇప్పుడు కూర్చునే హక్కు కోసం కూడా నిలబడదాం. సభ ముగిశాక ఆరోగ్య కమిటీ వారు బయట వేపచెట్టు కింద ఉంటారు. కాలి మీద నరాలు తేలినవాళ్లు, మడమ పైన చర్మం నల్లబడినవాళ్లు సిగ్గుపడకుండా వచ్చి చూపించండి. పేరు రాసుకుంటాం, డాక్టరు దగ్గరికి కలిసే పోదాం.

సెలవు.